కోలా గింజ

నైజీరియా దేశపు ఆగ్నేయ ప్రాంతంలో నివసించే ఇగ్బో ప్రజల ఇంటికి అతిథి వస్తే గృహస్థు ముందుగా తెచ్చేది భోజనం కాదు, పానీయమూ కాదు. చెక్కపళ్ళెంలో ఉంచిన ఒక గింజ. కరక్కాయంత పరిమాణంలో, లేత గులాబి రంగులోనో ముదురు ఎరుపులోనో ఉండే ఆ గింజను వారి భాషలో 'ఓజి' అంటారు. పళ్ళెం అతిథుల చేతుల మీదుగా వరుసగా సాగి, అందరూ చూసిన తరువాత మళ్ళీ గృహస్థు వద్దకే చేరుతుంది. అక్కడున్నవారిలో పెద్దవాడు గింజను చేత పట్టి పితృదేవతలను స్మరిస్తాడు. వచ్చినవారికి, ఉన్నవారికి, పుట్టబోయే సంతానానికి మేలు కోరుతాడు. అటుపిమ్మట గింజను విరిచి, అందులోని బద్దలను లెక్కించి, తలా ఒక ముక్క పంచుతారు. ఇది ముగిసేవరకు వచ్చిన పని గురించి ఎవరూ ప్రస్తావించరు. చినువా అచెబె 1958లో ప్రచురించిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్' నవల మొదటి అధ్యాయంలో బాకీ వసూలుకు వచ్చిన మనిషి సైతం ఈ మర్యాద పూర్తయ్యాకే అప్పు మాట ఎత్తుతాడు.

తాంబూలాలు పుచ్చుకోవడంతో పెళ్ళిమాట స్థిరపడే సంప్రదాయం ఎరిగిన తెలుగువారికి ఈ ఆచారం అంత కొత్తగా తోచదు. ఉత్తర నైజీరియాలోని హౌసా ప్రజలు వివాహవార్తను బంధుమిత్రులకు కోలా గింజలు పంచి తెలియజేస్తారు. వారి భాషలో దీని పేరు 'గోరో'. యోరుబా ప్రజలు దీనిని 'ఓబి' అంటారు. బిడ్డకు పేరు పెట్టే వేడుకలో వాడతారు, దైవచిత్తం తెలుసుకోవడానికి నాలుగు బద్దలను నేలపై వేసి అవి పడిన తీరును చదువుతారు. ఇగ్బోలకు నాలుగు సంఖ్య మరీ శుభప్రదం. ఎకే, ఓరియే, అఫో, న్‌క్వో అని వారి సంప్రదాయ వారానికి నాలుగే రోజులు, నాలుగు సంతలు. నాలుగు బద్దల గింజ ఆ నాలుగు రోజులకూ ప్రతీక. గింజను విరిచే అధికారం మాత్రం ఆచారం ప్రకారం పురుషులకే చెందుతుంది. గింజ పైపొర తీసి, కడిగి, సంతకు చేర్చే పనిలో స్త్రీల శ్రమ తక్కువేమీ కాకపోయినా ఆ ఆచారం మారలేదు.

ఇంతటి గౌరవం పొందుతున్న ఈ గింజ పశ్చిమాఫ్రికా వర్షారణ్యాల్లో పెరిగే ఒక నిత్యహరిత వృక్షానిది. పేర్ల పోలిక వల్ల కోలా, కోకో, కోకా అనే మూడింటినీ ఒకటిగా భావించేవారున్నారు. కోకో చాక్‌లెట్‌కు మూలమైన అమెరికా ఖండపు చెట్టు. కోకా దక్షిణ అమెరికా పర్వతసానువుల్లో పెరిగే పొద. కొకైన్ లభించేది దాని ఆకులనుంచి. కోలా అచ్చంగా ఆఫ్రికాకు చెందినది. కోకోతో దీనికి చుట్టరికం ఉన్నమాట నిజమే గాని, కోకాతో ఏ సంబంధమూ లేదు. వృక్షశాస్త్రజ్ఞులు నేడు కోలాను మాల్వేసీ కుటుంబంలో చేరుస్తున్నారు. మన పత్తి, బెండ, గోగు, మందార, బూరుగు ఆ కుటుంబంలోనివే. పూర్వపు వర్గీకరణలో ఇది స్టెర్క్యులియేసీ కుటుంబంలో ఉండేది. మన్యంలో గిరిజనులు జిగురు సేకరించే తపసి చెట్టు కూడా అదే శాఖకు చెందినది. ఆ విధంగా చూస్తే సముద్రాల ఆవల ఉన్న ఈ చెట్టుకు తెలుగునేల మీద దగ్గరి బంధువులే ఉన్నారు.

కోలా జాతులు అనేకం ఉన్నా ప్రజలు విరివిగా తినేవి రెండే. మొదటిది కోలా నిటిడా. దీని గింజలో రెండే బద్దలు, అంటే రెండు బీజదళాలు ఉంటాయి. రెండవది కోలా అక్యుమినాటా. దీని గింజలో మూడు మొదలు ఆరు వరకు బద్దలుంటాయి. సంతలో అధిక ధర పలికేది, దూరదేశాలకు వెళ్ళేది నిటిడా. ఇగ్బోల పూజకు, యోరుబాల ప్రశ్నకు పనికివచ్చేది అక్యుమినాటా. రెండే బద్దలున్న గింజను ఎంత పెద్దదైనా ఇగ్బో పెద్దలు ఆచారానికి స్వీకరించరు. వాణిజ్యదృష్టితో వేసిన తోటల్లో నిటిడాకే పెద్దపీట దక్కింది. ఇంటి పెరటిలో, పొలం గట్టున తాతలు నాటిన అక్యుమినాటా చెట్టు ఎండిపోతే ఆ చోట మరొకటి నాటే ఓపిక ఎందరికుంటుందన్న ప్రశ్న అందువల్లనే పుడుతుంది.

ఓపిక అన్న మాట ఇక్కడ ఊరికే వాడినది కాదు. కోలా సాగులో ప్రతి దశలోనూ నిరీక్షణ తప్పదు. గింజ మొలకెత్తడానికే నెలలు పడుతుంది. కోసిన వెంటనే నాటిన గింజకన్నా కొన్ని నెలలపాటు తేమ చెడకుండా నిలువచేసిన గింజ త్వరగా, సమంగా మొలుస్తుందని రైతులు అనుభవం మీద గ్రహించారు. గింజ పూర్తిగా ఎండిందా, ఇక మొలవదు. లేత మొక్కకు నీడ అవసరం. అందుచేత అరటి, చేమ, కోకో మొక్కల నడుమ దీనిని పెంచుతారు. ఏడాదికి 1200 మిల్లీమీటర్లకు తక్కువ కాని వర్షం, నీరు నిలవని లోతైన నేల, వేడి, గాలిలో తేమ దీనికి అనుకూలం. గింజ నాటిన చెట్టు కాపుకు రావడానికి సుమారు 7 ఏళ్ళు పడుతుంది. నిండుకాపు 15 నుంచి 20 ఏళ్ళకుగాని రాదు. ఆ తరువాత మాత్రం అది రెండు మూడు తరాలను పోషిస్తుంది. నాటినవాడు కొంత తింటాడు, మనుమడు ఎక్కువ తింటాడు.

పువ్వులు గుత్తులుగా పూస్తాయి. వాటికి ఆకర్షకపత్రాలు లేవు. మీగడ రంగులో ఐదు రేకులవలె కనిపించేవి నిజానికి రక్షకపత్రాలు. వాటి లోపలివైపు ముదురు ఎరుపు చారలుంటాయి. ఒకే చెట్టు మీద మగపువ్వులు, ద్విలింగపుష్పాలు రెండూ ఉంటాయి. ఇక్కడే రైతుకు పెద్ద చిక్కు ఎదురవుతుంది. అనేక కోలా చెట్లు తమ పుప్పొడితో తాము ఫలించలేవు. వేరొక చెట్టు పుప్పొడిని కీటకాలు మోసుకురావాలి. ఆ చెట్టూ దీనికి సరిపడినదై ఉండాలి. సరిపడని చెట్లు పక్కపక్కన నిలిచిన తోటలో ఎన్ని పువ్వులు పూసినా కాయలుండవు. ఒక తోటలోని దిగుబడిలో అధికభాగం కొద్ది చెట్లనుంచే రావడం, తక్కినవి దాదాపు గొడ్డుగా మిగిలిపోవడం పశ్చిమాఫ్రికాలో సాధారణ దృశ్యం. నైజీరియాలోని ఇబాదాన్ నగరంలో 1964లో ఏర్పడిన కోకో పరిశోధన సంస్థ కోలా పరిశోధనను కూడా చేపట్టింది. బాగా కాసే చెట్ల కొమ్మలను నాటి మొక్కలు పెంచడం, ఒకదానికొకటి సరిపడే రకాలను కలిపి నాటడం ఈ సమస్యకు పరిష్కారాలు. అయితే గింజనుంచి మొలిచిన చెట్లతో నిండిన పాత తోటను ఏ రైతూ ఒక్కనాడు నరికివేయలేడు. నరికితే మధ్య ఏళ్ళలో ఇల్లు గడవాలి కదా!

పరాగసంపర్కం జరిగిన నాలుగైదు నెలలకు కాయలు ముదురుతాయి. ఒక్కొక్క పువ్వునుంచి ఐదు వరకు కాయలు నక్షత్రాకారంలో ఏర్పడతాయి. ఆకుపచ్చని ఒక్కొక్క కాయలో తెల్లని పైపొర కప్పిన గింజలు నాలుగు మొదలు పది వరకు ఉంటాయి. నైజీరియాలో ప్రధానమైన కోత వర్షాల చివర, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు సాగుతుంది. పొడవైన గెడ చివర కత్తి కట్టి కాయలు కోస్తారు. ఎత్తు కొమ్మలకు మనిషి ఎక్కవలసిందే. కాయ చెట్టు మీదనే పగలకముందే కోయాలి. ఆలస్యమైతే పురుగు ప్రవేశిస్తుంది.

గింజలను తొక్కనుంచి వేరుచేసి ఒకనాడు నీటిలో నానబెడతారు, లేదా ఆకుల కింద కుప్పవేసి కొద్దిరోజులు మాగనిస్తారు. అప్పుడు తెల్లని పైపొర మెత్తబడి చేతితో ఊడివస్తుంది. కడిగిన గింజలను పరచి, అధికమైన తేమ పోయేవరకు ఉంచుతారు. అటుపైన వెదురుబుట్టల్లో పచ్చని ఆకులు పరచి వాటి నడుమ గింజలు సర్దుతారు. నిలువచేయడంలోని నేర్పంతా ఆ ఆకుల్లోనే ఉంది. ఆకులు ఎండితే గింజ ముడతలు పడుతుంది. తేమ మితిమీరితే బూజు పడుతుంది. అందుకని ఎప్పటికప్పుడు బుట్టలు విప్పి, చెడినవాటిని ఏరి, ఆకులు మార్చి తిరిగి కడతారు. ఈ జాగ్రత్త తీసుకుంటే గింజలు నెలల తరబడి తాజాగా నిలుస్తాయి.

ఇంత శ్రమనూ వృథా చేయగలిగినది ఒక చిన్న ముక్కుపురుగు. దాని శాస్త్రీయనామం బలనోగాస్ట్రిస్ కోలే. అది గాయపడిన గింజలో గుడ్లు పెడుతుంది. లోపల పొదిగిన లార్వాలు గింజను తొలిచి పిండి చేస్తాయి. తోటలో సోకిన పురుగు బుట్టలోకి చేరి అక్కడ వృద్ధి చెందుతుంది. కీటకాలనుంచి గింజను రక్షించుకోవడానికే మొక్క కెఫీన్‌ను తయారుచేసుకుంటుందని శాస్త్రజ్ఞులు భావిస్తారు. ఈ పురుగు ఆ విషమున్న గింజనే ఆహారంగా అలవరచుకుంది. నష్టానికి భయపడిన వ్యాపారులు కొందరు నిలువ గింజల మీద క్రిమిసంహారక మందులు చల్లుతారు. కాఫీ గింజను వేయించి, పొడిచేసి, కషాయం కాచి తాగుతారు. కోలాను పచ్చిగానే నోట వేసుకొని నములుతారు. మందు అవశేషం నేరుగా కడుపులోకి పోతుంది. అతిథి క్షేమం కోరి అందించే గింజ విషయంలో ఇది ఉపేక్షింపదగిన అంశం కాదు. సకాలంలో కోయడం, గాయపడిన గింజలను వేరుచేయడం, తోట అడుగున రాలినవాటిని ఏరివేయడం మందులకన్నా మేలైన మార్గాలు. కాని వాటికి మనుషులు కావాలి, కూలి కావాలి.

ఎండిన కోలా గింజ బరువులో కెఫీన్ సుమారు 1.5 నుంచి 3 శాతం వరకు ఉంటుంది. అరకు కొండల్లో పండే అరబికా కాఫీ గింజల్లో ఇది రమారమి 1.2 శాతం. కోకోలో ప్రధానమైన థియోబ్రొమిన్ కోలాలో స్వల్పంగా ఉంటుంది. మెదడులో అడినోసిన్ అనే పదార్థం కొన్ని గ్రాహకాలను చేరినప్పుడు అలసట, నిద్రమత్తు కలుగుతాయి. కెఫీన్ ఆ గ్రాహకాలను ముందుగా ఆక్రమించి అడినోసిన్‌కు చోటు లేకుండా చేస్తుంది. అలసట తీరదు, తెలియకుండా పోతుంది, అంతే. మితిమీరితే నిద్రపట్టకపోవడం, గుండెదడ కలుగుతాయి. నిత్యం నమిలేవారి పళ్ళు గారపట్టి ఎర్రబారుతాయి. గింజ మొదట చేదు, వగరు. నమిలిన కొంతసేపటికి నోరు తియ్యనవుతుంది. ఆపైన తాగిన నీరు మామూలు నీరే అయినా మధురంగా తోస్తుంది.

ఈ గుణమే కోలాను అరణ్యం దాటించి ఎడారి అంచులకు చేర్చింది. పొడినేలల్లో కోలా పండదు. ఆకలిదప్పులు మరచి నడవవలసిన అవసరం అక్కడివారికే ఎక్కువ. మద్యం నిషిద్ధమైన ముస్లిం సమాజాలు దీనిని ఆదరించాయి. నేటి ఘానాలోని అశాంతి రాజ్యపు అడవులనుంచి సలగా సంతకు, అక్కడినుంచి హౌసా వర్తకుల గాడిదల బిడారుల మీద కానో నగరానికి గింజలు తరలిపోయేవి. తాజా ఆకులు దొరికినచోటల్లా ఆగి బుట్టలు మళ్ళీ కట్టుకుంటూ నెలల తరబడి సాగే ప్రయాణమది. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో లాగోస్ సమీపాన అగెగె ప్రాంతంలో నిటిడా తోటలు వెలిశాయి. 1912 నాటికి కానో వరకు రైలు నడవడంతో బిడారుల బరువును రైలుపెట్టెలు మోయసాగాయి.

మరొక ప్రయాణం దుఃఖభరితమైనది. బానిసలను అట్లాంటిక్ మీదుగా తరలించిన ఓడల్లో పీపాల్లో మురిగిన నీటిని తాగదగినట్లు అనిపించేలా చేయడానికి కోలా వాడేవారు. ఆ ఓడల వెంట గింజ కరీబియన్ దీవులకు చేరి అక్కడ నాటుకుంది. జమైకాలో నేటికీ దానిని 'బిస్సీ' అంటారు. అది ఘానాలోని అకాన్ భాషలో కోలాకున్న 'బెసె' అనే పేరుకు రూపాంతరం. ఇంటిపేర్లు, ఊరిపేర్లు పోగొట్టుకున్న మనుషులు ఒక గింజ పేరును నిలుపుకున్నారు.

1886లో అమెరికాలోని అట్లాంటా నగరంలో జాన్ పెంబర్టన్ అనే ఔషధ విక్రేత తయారుచేసిన, కోకా ఆకు, కోలా గింజల పేర్లు కలిసిన పానీయం ఆ తరువాత లోకమంతా వ్యాపించింది. 1977లో ఆ సంస్థ భారతదేశం విడిచివెళ్ళి, 1993లో తిరిగివచ్చింది. మధ్యకాలంలో ఇక్కడివారు తయారుచేసిన కాంపా కోలా పేరులోనూ కోలా నిలిచింది. పేరు నిలిచినంతగా గింజ నిలవలేదు. కెఫీన్‌ను కాఫీనుంచి, తేయాకునుంచి తీయవచ్చు, కర్మాగారంలో కృత్రిమంగానూ తయారుచేయవచ్చు. అందువల్ల పేరులో కోలా ఉన్న పానీయాల్లో అనేకానికి ఆ చెట్టుతో పని లేకపోయింది. అలాంటి సీసా మూత ఎక్కడ తెరుచుకున్నా కోలా రైతుకు ఒరిగేది లేదు. పశ్చిమాఫ్రికాలో పండే గింజలో అత్యధికభాగం పశ్చిమాఫ్రికావారే నమిలి తింటున్నారు. కాయతొక్కను సైతం వారు పారవేయకుండా కోళ్ళమేతలో కలుపుతారు. కాల్చి ఆ బూడిద క్షారంతో సబ్బు తయారుచేస్తారు.

ఉపాధి కోసం లండన్‌లోనో హ్యూస్టన్‌లోనో స్థిరపడిన ఇగ్బో కుటుంబాలు ఒకచోట చేరినప్పుడు కూడా ముందుగా పళ్ళెంలో వచ్చేది ఓజియే. కోలాకు ఇంగ్లీషు అర్థం కాదని వారిలో ఒక నానుడి ఉంది. సభలోని పిల్లలకు ఇంగ్లీషు తప్ప మరొక భాష రాకపోయినా పెద్దవాడు గింజను చేతిలోకి తీసుకొని ఇగ్బోలోనే ప్రార్థిస్తాడు. పిల్లలు అర్థం కాకపోయినా చివర అందరితోపాటు 'ఇసే' అని పలికి, తమ వంతు ముక్కకు చేయి చాపుతారు.