ఆటల పెట్టెలో సినిమా

సూర్యాపేట నుంచి కారులో హైదరాబాదుకు సినిమాకని బయలుదేరారనుకోండి. దారిలో కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్ల వద్ద డబ్బు కట్టాలి. అది రోడ్డు వాడుకున్నందుకు. సినిమాహాలు టిక్కెట్టు మళ్ళీ వేరు. వీడియోగేమ్ యంత్రాన్ని టీవీకి తగిలించి సినిమా చూడటంలోనూ లెక్క ఇదే. ఇంటర్నెట్టు రుసుము రోడ్డుకు, చందా సినిమాకు.

మరి ఆటల పెట్టెలోకి సినిమా ఎలా వస్తుంది? ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ వంటివి నిజానికి కంప్యూటర్లే. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలున్న బొమ్మలో మొత్తం 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు. సెకనుకు 24 బొమ్మలు. గుణించి చూడండి, సెకనుకు సుమారు 119 కోట్ల బిట్లు! మామూలు ఇంటి కనెక్షనులో ఇంత పట్టదు. అందుకే సినిమాను ముందే కుదిస్తారు. కోదాడ బస్టాండులో ఒక బస్సు కదిలే దృశ్యం తీసుకోండి. వెనుక గోడ, దుకాణాలు మారవు. వాటిని ప్రతిసారీ పంపడమెందుకు? కదిలిన బస్సు సంగతి పంపితే చాలు. మిర్యాలగూడ మిల్లుల్లో ధాన్యం నుంచి ఊక వేరుచేసినట్టు, కంటికి ఆనని వివరాలనూ తీసేస్తారు. అప్పుడు సెకనుకు 50 లక్షల బిట్లతో పని గడుస్తుంది. కొద్ది సెకన్ల ముక్కలుగా వచ్చే ఆ సినిమాను విప్పి తిరిగి బొమ్మలుగా పేర్చేది యంత్రంలోని చిప్పు.

ఆ ముక్కలు గుప్తలిపిలో ఉంటాయి. చందా కట్టిన ఖాతా అని తేలాకే కంపెనీ సర్వరు తాళంచెవి పంపుతుంది. తాళంచెవి అంటే అదీ ఒక అంకెల వరుసే. అది లేకపోతే మన చేతికి వచ్చేది అర్థంలేని అంకెల కుప్ప.

ఒకప్పుడు మూడో రుసుము కూడా ఉండేది. 2008లో అమెరికాలో ఎక్స్‌బాక్స్ 360లో నెట్‌ఫ్లిక్స్ మొదలైంది. దాని చందాతోపాటు మైక్రోసాఫ్ట్ వారి 'గోల్డ్' సభ్యత్వమూ తప్పనిసరి. 2010 చివరినాటికి అది ఏటా 60 డాలర్లు. టిక్కెట్టు కొన్నవాడి దగ్గర గుమ్మం దాటడానికి మళ్ళీ వసూలు చేయడం లాంటిదే ఇది! 2009లో నెట్‌ఫ్లిక్స్ చేరిన ప్లేస్టేషన్ 3లో ఈ షరతు లేదు. 2014 జూన్‌లో మైక్రోసాఫ్ట్ కూడా ఎత్తేసింది. నెట్‌ఫ్లిక్స్ మన దేశానికి వచ్చింది 2016 జనవరిలో కనుక ఆ దెబ్బ మనకు తగల్లేదు. ఇప్పుడు ప్లేస్టేషన్ ప్లస్ వంటి సభ్యత్వం ఆటల కోసమే, సినిమాకు అక్కర్లేదు.

ఇక డేటా సంగతి. పైన చెప్పిన లెక్కన రెండు గంటల సినిమాకు 4.5 జీబీ కావాలి. నాన్నగారి ఫోనులో రోజుకు 2 జీబీయే ఉంటే, దాన్ని ఆటల పెట్టెకు కలిపితే 53 నిమిషాల్లో ఖాళీ. ఆ తర్వాత వేగం పడిపోతుంది. పెట్టె ఇంకా చిన్న ముక్కలు అడుగుతుంది, బొమ్మ మసకబారుతుంది. కాసేపటికి అవీ అందక, తెరమీద గుండ్రంగా తిరిగే చక్రం ఒక్కటే మిగులుతుంది.