పెడల్ బరువెక్కితే ముందు స్కేలు తీయండి

కొన్న మొదటి నెలంతా హుషారుగా తొక్కి, ఆర్నెల్లు తిరక్కుండా సైకిల్‌ను బాల్కనీలో బట్టలారేసుకునే దండెం చేసేసినవాళ్లు మన చుట్టూ బోలెడంతమంది. కారణం అడిగితే, "తొక్కడం మరీ బరువైపోయిందండీ, మోకాళ్లు లాగుతున్నాయి" అంటారు. చాలాసార్లు తప్పు వయసుదీ కాదు, బండిదీ కాదు. చైనో, గాలో, సీటో, ఏదో ఒకటి లెక్క తప్పి ఉంటుంది. ఇందులో ఎవరూ పట్టించుకోనిది చైను.

వాడేకొద్దీ చైను పొడవు పెరుగుతుంది. ఇనుము సాగి కాదు. పెడల్ తొక్కుతున్నంతసేపూ చైను పళ్లచక్రాల మీద వంగి మళ్లీ నిటారవుతుంటుంది. ఆ వంగడంలో లింకుల్ని కలిపే పిన్నూ, అది కూర్చునే బెజ్జమూ రాసుకుని అరుగుతాయి. ఒక్కో కీలు దగ్గర ఆ అరుగుదల కంటికి ఆనదు. కానీ చైనులో వందకు పైగా కీళ్లుంటాయి, అన్నిటిదీ కలిస్తే తేడా స్కేలుకు దొరుకుతుంది.

మామూలు సైకిల్ చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం. ఉక్కు స్కేలు సున్నా గీతను ఒక పిన్ను నడిమధ్యకు ఆనించి, చైను బిగువుగా ఉండేలా పట్టుకోండి. కొత్త చైనైతే 12 అంగుళాల గీత ఇంకో పిన్ను నడిమధ్యన పడుతుంది. ఆ పిన్ను గీత దాటి అంగుళంలో పదహారో వంతు, అంటే సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు, జరిగి ఉంటే చైను మార్చేయాలి. ఎనిమిదో వంతు జరిగిందంటే ఆలస్యమైనట్టే. అరిగిన చైను ఈపాటికి వెనక పళ్లను కూడా తినేసి ఉంటుంది. అలాంటి పళ్ల మీద కొత్త చైను వేస్తే, గట్టిగా తొక్కినప్పుడల్లా టక్కున జారుతుంది. చైనుతో పోవాల్సిన ఖర్చు గేర్ల సెట్టు దాకా పాకుతుంది.

అరుగుదలను తొందరపెట్టేది దుమ్ము. నూనె ఎక్కువైతే దుమ్ము వచ్చి అతుక్కుంటుంది, రెండూ కలిసిన ఆ నల్లజిడ్డు సానరాయిలా పనిచేస్తుంది. నూనె కావాల్సింది రోలర్ల లోపల. పైపైన మెరిసే నూనె దండగ. ముందు పాతగుడ్డతో చైను తుడిచి, పెడల్‌ను వెనక్కి తిప్పుతూ ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క వేయండి. కాసేపాగి, బయట మిగిలినదంతా మళ్లీ తుడిచేయండి. ఆఖరి తుడుపే చాలామంది ఎగ్గొడతారు. కొబ్బరినూనె చలికాలంలో గడ్డకడుతుంది. మోటారుబండిలోంచి తీసిన పాత ఆయిల్లో అరిగిన లోహపు రజను ఉంటుంది. పట్టేసిన నట్లు వదిలించే స్ప్రే అయితే లోపలున్న కాస్త కందెననూ కడిగేస్తుంది. సైకిల్ చైను కోసమే అమ్మే చిన్న సీసా చాలాకాలం వస్తుంది, అది కొనుక్కోవడమే మేలు.

గాలి దగ్గర బొటనవేలి నొక్కుడును నేను నమ్మను, ముఖ్యంగా సన్న టైర్ల విషయంలో. టైరు పక్కగోడ మీద 40–65 పీఎస్ఐ అన్నట్టు అంకెలు అచ్చుపోసి ఉంటాయి. గుంతల రోడ్డయితే ఆ హద్దుల్లో కిందివైపు, నున్నటి రోడ్డుకో బరువైన మనిషికో పైవైపు. వెనక చక్రం మీద భారం ఎక్కువ కాబట్టి ముందుదానికి కాస్త తక్కువున్నా నష్టం లేదు. పంచర్ లేకపోయినా ట్యూబులోంచి గాలి మెల్లగా పోతూనే ఉంటుంది కనుక మీటరున్న చేతిపంపు ఇంట్లో ఉంటే మంచిది. పెట్రోలు బంకు గొట్టంతో జాగ్రత్త: సైకిల్ ట్యూబు కొద్ది సెకన్లలో నిండిపోతుంది.

పంచర్ పడినప్పుడు ట్యూబును ఓసారి మీరూ చూడండి. పాము కాటులా రెండు చిల్లులు పక్కపక్కనే ఉంటే గాలి చాలక ట్యూబు గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య నలిగిందని అర్థం. ఒక్క చిల్లే ఉంటే ముల్లో మేకో. మన దగ్గర తుమ్మముల్లు టైరులోనే విరిగి దాక్కుంటుంది. అది తీయకుండా ట్యూబుకు ప్యాచీ వేయించుకుంటే రేపు మళ్లీ అదే చోట దిగుతుంది. చేతికి గుడ్డ చుట్టుకుని టైరు లోపలంతా నిమిరితే ముల్లున్న చోట దారం తగులుకుంటుంది.

గేర్ల గురించి ఒక్కటే మాట. వికారాబాద్ దగ్గరి అనంతగిరి లాంటి చోట ఎత్తు మొదలవకముందే తేలిక గేరుకు రావాలి. సగం ఎక్కాక, పెడల్ మీద ఒళ్లంతా వేసి తొక్కుతూ మార్చబోతే చైను గరగరలాడి పట్టేస్తుంది.

ఇక మోకాళ్లు. నేల మీద రెండు పాదాలూ పూర్తిగా ఆనాలని సీటు బాగా కిందకు దించేసుకుంటారు. అప్పుడు మోకాలు ఎప్పుడూ ఎక్కువగా మడిచే ఉంటుంది, నొప్పి మోకాలిచిప్ప ముందు మొదలవుతుంది. సీటు మరీ ఎత్తయితే మోకాలి వెనక లాగుతుంది. గోడను పట్టుకుని సీటు మీద కూర్చుని, ఒక పెడల్‌ను పూర్తిగా కిందకు తెచ్చి మడమ దాని మీద పెట్టండి. కాలు అక్కడ నిటారుగా రావాలి. మామూలుగా తొక్కేది వేళ్ల మొదళ్లతో కాబట్టి, అప్పుడు మోకాలి దగ్గర చిన్న వంపు మిగులుతుంది. ఆగినప్పుడు సీటు దిగి నిలబడాలి, అలవాటవడానికి కొద్దిరోజులు పడుతుంది. సీటు గొట్టం మీద హద్దు గీత ఒకటి ఉంటుంది, అది ఫ్రేములోపలే ఉండాలి. ఆ గీత బయటపడేదాకా లాగితే తప్ప మీకు ఎత్తు సరిపోవడం లేదంటే, ఆ ఫ్రేము మీ కొలతది కాదు.