తాళాల చిక్కుముడి

ఇద్దరు విద్యార్థులు జ్యామితి పటం గీయాలి. ఒకరి చేతిలో స్కేలు, మరొకరి చేతిలో వృత్తలేఖిని ఉన్నాయి. ఇద్దరికీ రెండూ కావాలి. "ముందు నువ్వివ్వు" అని ఇద్దరూ పట్టుబడితే పటం ఎప్పటికి పూర్తవుతుంది? కంప్యూటర్‌లో ఇటువంటి ప్రతిష్టంభననే 'డెడ్‌లాక్' అంటారు.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ కెర్నెల్. నెట్‌వర్క్ కార్డు వంటి పరికరాలను నడిపించే భాగం డ్రైవర్. ఒకే సమాచారాన్ని రెండు పనులు ఒకేసారి మార్చి పాడుచేయకుండా కెర్నెల్ 'తాళాలు' వాడుతుంది. తాళం ఒకరి దగ్గరుంటే రెండోవారు ఆగాలి. లినక్స్‌లో నెట్‌వర్క్ అమరికల మార్పులు చాలావరకు 'ఆర్‌టీఎన్‌ఎల్' అనే తాళం కింద జరుగుతాయి.

చిక్కు ఎలా పడుతుందో చూద్దాం. కార్డు మొరాయిస్తే, దాన్ని సరిచేసే పనిని డ్రైవర్ తెరవెనుక మొదలుపెడుతుంది. ఆ పనికి ఆర్‌టీఎన్‌ఎల్ తాళం కావాలి. సరిగ్గా అప్పుడే మీరు కార్డును ఆపమని ఆదేశించారనుకోండి. కెర్నెల్ తాళం తీసుకొని డ్రైవర్‌లోని 'ఆపు' ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఆ ఫంక్షన్ తెరవెనుక పని ముగిసేదాకా ఆగుతుంది. ఆ పనేమో తాళం కోసం ఆగుతుంది. ఇక రెండూ కదలవు! అదే తాళం కావలసిన మిగతా ఆదేశాలన్నీ వరుసలో నిలిచిపోతాయి. సాధారణంగా కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ ప్రారంభించడం తప్ప గత్యంతరం ఉండదు. అది దూరాన ఉన్న సర్వరైతే ఇబ్బంది ఎంతో ఊహించండి.

పోనీ, 'ఆపు' ఫంక్షన్ వేచి ఉండటం మానేస్తే? అది మరీ ప్రమాదం. డ్రైవర్ తొలగిపోయి, దాని మెమొరీ విడుదలయ్యాక తెరవెనుక పని నడిస్తే కెర్నెలే కుప్పకూలవచ్చు.

డెడ్‌లాక్ ఏర్పడాలంటే నాలుగు షరతులు కలవాలని కాఫ్‌మన్, ఎల్ఫిక్, షోషానీ 1971లో వివరించారు. వనరు ఒకసారికి ఒక్కరికే దక్కడం, ఒకటి పట్టుకొని మరొకదాని కోసం ఆగడం, బలవంతంగా లాక్కోలేకపోవడం, ఎదురుచూపులు వలయంగా మారడం. వీటిలో ఒక్కదాన్ని తెంచితే చాలు.

ఇక్కడ రెండు మార్గాలున్నాయి. ఒకటి: ఎదురుచూపును తాళం వదిలాక, డ్రైవర్‌ను తొలగించే దశకు మార్చడం. అప్పుడు తెరవెనుక పని, తాళం దొరకగానే "కార్డు ఇంకా నడుస్తోందా?" అని చూసుకొని, లేదంటే వెనుదిరగాలి. రెండు: తాళం దొరకకపోతే ఆ పని అక్కడే నిలబడకుండా తప్పుకొని, మళ్ళీ వరుసలో చేరడం. 'ఆపు' ఫంక్షన్ ఆ మలి ప్రయత్నాన్ని రద్దు చేస్తుంది.

ఇటువంటి లోపం వేల పరీక్షల్లోనూ బయటపడకపోవచ్చు; రెండు పనులూ అదే క్షణంలో తారసపడాలి కదా! అందుకే 2006లో లినక్స్‌లో 'లాక్‌డెప్' అనే పరిశీలక సాధనం చేరింది. తాళాలు తీసుకునే క్రమాన్ని అది గుర్తుపెట్టుకొని, ప్రతిష్టంభన నిజంగా జరగకముందే హెచ్చరిస్తుంది.

మీరూ ప్రోగ్రాములు రాస్తారు. ఎక్కడైనా 'ఆగు' అని రాసేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇప్పుడు నా చేతిలో ఏ తాళం ఉంది? నేను ఎదురుచూస్తున్న పనికి కావలసింది అదేనేమో!