వాల్వు కట్టేస్తే సరిపోదు!

పైడితల్లమ్మ సిరిమాను దగ్గర పడుతోందంటే మా విజయనగరంలో ఇంటింటా హడావుడే. చుట్టాలొస్తారు కదా, సున్నాలూ రిపేర్లూ అన్నీ అప్పుడే గుర్తొస్తాయి. ఓ ఏడాది మేమూ మేడమీద బాత్‌రూమ్‌లో తుప్పుపట్టిన పైపు మార్పిద్దామని ప్లంబర్ని పిలిచాం. అతను ట్యాంకు దగ్గర గేట్‌వాల్వు తిప్పేసి, కుళాయి విప్పి చూపించాడు. రెండు చుక్కలు రాలి ఆగిపోయాయి.

"కట్టీసినానమ్మా, ఇంక సుక్క రాదు" అన్నాడు.

ఎల్బో వదులు చేశాడో లేదో, బుస్సుమంటూ నీళ్ళు! పైపు దిగే కన్నంలోంచి గోడ వెంబడి కిందికి జారి, సరాసరి హాల్లో స్విచ్‌బోర్డు మీదికి. "చీకటిగా ఉందేమిటే" అంటూ మా అత్తయ్యగారు లైటు వెయ్యబోయారు. నేను కేక పెట్టి ఆపకపోతే..! ఇప్పటికీ తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది. మెయిన్ ఆపేశాక గానీ మాకు ఊపిరాడలేదు.

అతన్నని ఏం లాభం? ఆ రెండు చుక్కల్నీ నేనూ నమ్మాను.

వాల్వు కట్టేస్తే కొత్త నీళ్ళు రావు, అంతే. పైపులో ఉన్నవి ఉంటాయి. కొబ్బరిబొండంలో స్ట్రా ముంచి, పైచివర వేలితో మూసి ఎత్తి చూడండి. నీళ్ళు జారవు. వేలు తీస్తే జారిపోతాయి. పైనుంచి గాలి వెళ్తేనే కింద నీళ్ళు దిగుతాయి. ట్యాంకు పక్కన ఎయిర్ పైపు లేకపోయినా, ఉన్నది మూసుకుపోయినా ఇదే తంతు. అంగుళం పైపులో మీటరుకి సుమారు అరలీటరు పడుతుంది. పది మీటర్లకి అయిదు లీటర్లు. స్విచ్‌బోర్డు తడవడానికి గ్లాసుడు చాలదూ?

పని మొదలెట్టే ముందు...

* ఆ రోజుకి కావలసిన నీళ్ళు పట్టుకుని, మోటారు, గీజరు స్విచ్‌లు ఆపండి. పనిచేసే చోటికి దగ్గర్లో, కింద బోర్డులుంటే మెయినే ఆపండి.

* వాల్వు కట్టాక అన్నిటికన్నా ఎత్తున ఉన్న కుళాయి ముందు తిప్పండి. అది గాలికి దారి. తర్వాత అన్నిటికన్నా కిందది. పనయ్యేదాకా రెండూ తెరిచే ఉంచండి. వచ్చిన నీళ్ళు బకెట్లో పడితే మొక్కలకి పనికొస్తాయి.

* కుళాయిలు ఆగినా గీజరు ఖాళీ కాదు. అందులో నీళ్ళు వెనక్కి రాకుండా వాల్వుంటుంది. పూర్తిగా చల్లారాకే మెకానిక్ చేత విప్పించండి. పనయ్యాక వేడినీళ్ళ కుళాయిలోంచి ధార వచ్చేవరకూ స్విచ్ వెయ్యకండి.

* ప్లాస్టిక్ పైపు అతికే చోట తడి ఉంటే సొల్యూషన్ పట్టదు. పొడిగుడ్డతో తుడవమనండి.

* సింకు కింద వంపులో నిలిచే నీళ్ళు మాత్రం ఉండాల్సినవే. లేకపోతే డ్రైనేజీ వాసన ఇంట్లోకొస్తుంది.

ఇప్పుడు మా ఇంటికి ఎవరు రిపేరుకొచ్చినా ముందు మా అత్తయ్యగారే గుమ్మంలో నిలబడి అడుగుతారు: "గాలికి దారిచ్చావా బాబూ?"