చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టెలోపలనా, వెలుపలనా?

విద్యుచ్ఛక్తి మనకు దీపముగానో పంకాగానో కనబడునే కాని, దాని వెనుక గోడమీద మౌనముగా పనిచేయు పరికరములు మన దృష్టికి అంతగా రావు. అట్టివానిలో చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఒకటి. వీధివాకిటి గంటకును, పిల్లలు విజ్ఞాన ప్రదర్శనకై చేయు నమూనాలకును తక్కువ వోల్టేజి నిచ్చునది ఇదియే. దీనిని స్విచ్చి పెట్టెలోపల బిగించవలెనా, పెట్టె ప్రక్కను బిగించవలెనా, లేక దూరముగా వేరొకచోట నుంచవలెనా అను ప్రశ్న పనివానికి విడిచిపెట్టదగినదని తోచవచ్చును. కాని ఆ గంటమీటను ప్రతిదినము నొక్కునది మన బిడ్డలే. కనుక తల్లిదండ్రులును ఈ విషయమును కొంత యెరిగియుండుట మంచిదని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ట్రాన్స్‌ఫార్మరు క్రొత్త వస్తువు కాదు. 1831లో మైకేల్ ఫారడే కనుగొనిన విద్యుదయస్కాంత ప్రేరణమే దీనికి మూలము. 1885లో బుడాపెస్టు నగరమందలి గాంజ్ కర్మాగారపు ఇంజనీర్లు జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ అను మువ్వురు దీనిని వాడుకకు తగిన రూపమునకు తెచ్చిరి. 1902లో కావేరీతీరమందలి శివనసముద్రమునుండి కోలారు బంగారు గనులకు సుమారు 150 కిలోమీటర్ల దూరము విద్యుత్తును పంపినప్పుడు ఒక కొనయందు వోల్టేజిని హెచ్చించుటకును, రెండవ కొనయందు తగ్గించుటకును పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లే తోడ్పడెను. ఆ గనులలో పనికై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు కలవు. మన గోడమీది చిన్న పెట్టెయు ఆ మహాయంత్రముల కులమునకు చెందినదే.

దీని నిర్మాణము సులభము. పలుచని ఇనుపరేకుల కూర్పుపై రెండు తీగచుట్ట లుండును. మొదటి చుట్టకు ఇంటికి వచ్చు 230 వోల్టుల విద్యుత్తు నిత్తుము. రెండవ చుట్టలో చుట్ల సంఖ్య దానిలో పందొమ్మిదవ వంతున్నచో, అచ్చట ఇంచుమించు 12 వోల్టులు లభించును. ముఖ్యముగా గమనింపవలసిన దేమనగా, ఈ రెండు చుట్టలకు నడుమ తీగసంబంధము లేదు; అయస్కాంత సంబంధము మాత్రమే కలదు. ఆ ఎడబాటే మన బిడ్డల రక్షణ. ట్రాన్స్‌ఫార్మరును ఎచ్చట నుంచినను ఈ ఎడబాటు చెడకుండ నుంచుటయే మొదటి ధర్మము. ఒకే చుట్టనుండి పాయ తీసిన ఆటో ట్రాన్స్‌ఫార్మరులో ఈ ఎడబాటు లేదు. కావున అది గంటకు పనికిరాదు.

ఇక పెట్టెలోపల బిగించుటను విచారింతము. లోపల నున్నచో పిల్లల చేతికి అందదు. దుమ్ము, వాన సోకవు. ఇవి మేలులు. కాని రెండు చిక్కులు కలవు. మొదటిది వేడిమి. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు తాము తీసుకొను శక్తిలో కొంత భాగమును వేడిగా వృథాచేయును. 50 వోల్టు-ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరు పూర్తి భారముతో పనిచేయునప్పుడు ఏడెనిమిది వాట్లు వేడిగా మారుట సామాన్యము. గంట మ్రోగకున్నను మొదటి చుట్టలో విద్యుత్తు రేయింబవళ్లు ప్రవహించుచునే యుండును గనుక, ఎప్పుడును కొంత వెచ్చగానే యుండును. వేసవిలో ఎండ తగులు గోడమీది మూసిన ఇనుపపెట్టెలో ఈ వేడి పోవుటకు దారి యుండదు. చుట్టల నావరించిన ఇన్సులేషనుకు ఓర్పునకు మితి కలదు. ‘ఎ’ తరగతి ఇన్సులేషనుకు ఆ మితి 105 డిగ్రీల సెంటీగ్రేడు. వేడిమి పది డిగ్రీలు హెచ్చినకొలది దాని ఆయువు ఇంచుమించు సగమగునని ఇంజనీర్లు లెక్కించెదరు.

రెండవ చిక్కు తీగల కలయిక. ఒకే పెట్టెలో 230 వోల్టుల తీగలును, గంటకు పోవు సన్నని తీగలును పెనవైచుకొని యున్నచో, ఏదో యొకనాడు ఒరిపిడివలన పైపూత చెడి ఒకదానికొకటి తగులవచ్చును. అప్పుడు వీధివాకిటి మీటలోనికి 230 వోల్టులు వచ్చును. వానలో తడిసి, వట్టికాళ్లతో నిలిచి ఆ మీటను నొక్కు బిడ్డ గతి యేమగునో తలంపవలసిన పనిలేదు. కనుక లోపలనే అమర్చదలచినచో, ఈ రెండు విధముల తీగలకు నడుమ అడ్డుపలక యుండవలెను. ఎం.సి.బి.ల ప్రక్కనే పట్టీపై బిగించుటకు తగినట్లు చేసిన గంట ట్రాన్స్‌ఫార్మర్లు దొరకును. వానిలో రెండు ప్రక్కల కొనలును వేరువేరుగా నుండును. వేడి పైకి పోవునది గనుక దానిని పెట్టెలో పైభాగమున అమర్చుట మేలు. గాలి రంధ్రములు క్రిందను మీదను ఉండవలెను. బల్లులు, పురుగులు చొరకుండ వానికి సన్నని జల్లెడ వేయవలెను.

రెండవ పద్ధతి పెట్టె ప్రక్కను వెలుపల బిగించుట. అమెరికాలో గంటల విషయమున ఇది చిరకాలపు వాడుక. ట్రాన్స్‌ఫార్మరు పెట్టె గోడకు వెలుపల నుండును. 230 వోల్టుల తీగలు మాత్రము రంధ్రముగుండ పెట్టెలోనికి పోవును. తక్కువ వోల్టుల మరలు బయటనే యుండును. ఇందువలన వేడి బయటి గాలిలో కలిసిపోవును. రెండు విధముల తీగలు ఒకదాని నొకటి చూడనైన చూడవు. రంధ్రపు అంచు తీగను కోయకుండ రబ్బరు వలయము వేయవలెను. ట్రాన్స్‌ఫార్మరు సెకనుకు 100 మారులు కంపించి సన్నగా మ్రోయుచుండును. పలుచని రేకుకు బిగించినచో ఆ మ్రోత పెద్దదగును. అందులకు రబ్బరు బిళ్లలు వేయుదురు. కాని రబ్బరు లోహసంబంధమును త్రెంచును గనుక, అప్పుడు ఎర్తు తీగను విడిగా కలుపుట మరువరాదు. వాన తగులు చోట ఈ పద్ధతి కూడదు.

మూడవది దూరముగా, గంట ప్రక్కనో గుమ్మము కడనో వేరు పెట్టెలో నుంచుట. దీనియందు 230 వోల్టులు ఇంటి గుమ్మమువరకు నడచి వచ్చును. అది మంచిది కాదు. ట్రాన్స్‌ఫార్మరును స్విచ్చి పెట్టెకడనే యుంచి 12 వోల్టులను దూరము పంపినచో గంట బలహీనముగా మ్రోగునని కొందరు సందేహింతురు. సందేహము యుక్తమే. 20 మీటర్ల దూరమునకు రాకపోకలు కలిసి 40 మీటర్ల తీగ కావలెను. అర చదరపు మిల్లీమీటరు రాగితీగలో ఒక ఆంపియరు ప్రవహించినచో ఇంచుమించు ఒకటిన్నర వోల్టు నష్టమగును. అనగా 12 వోల్టులలో ఎనిమిదవ వంతు. కాని ఒకటిన్నర చదరపు మిల్లీమీటరు తీగ వేసినచో నష్టము అర వోల్టునకు దిగును. మందపు తీగకు పెట్టు కొద్దిపాటి వెల, అపాయమును వాకిటికి ఈడ్చుకొని వచ్చుటకంటె మేలు కాదా?

ఇంకొక మాట. గంటమీట ఇరుక్కొనిపోయినను, తీగలు ఒకటి కొకటి తగిలినను ట్రాన్స్‌ఫార్మరు మిక్కిలి వేడెక్కును. ఆ సమయమున మొదటి చుట్ట తీసుకొను విద్యుత్తు ఒక ఆంపియరులో చిన్న భాగమే గనుక 6 ఆంపియర్ల ఎం.సి.బి. పడిపోదు. కావున లోపల తగిన ఫ్యూజు గలదియో, షార్టు సర్క్యూటును ఓర్చుకొను రకమో కొనవలెను. దానిని కొయ్య అలమరలోను, తెరల చెంతను, పాత కాగితముల నడుమను ఉంచరాదు.

ఇన్నిటిని తూచి చూడగా మా అభిప్రాయ మిది: ఇంటిలోపల, పొడిచోట, పిల్లల కందని యెత్తున, స్విచ్చి పెట్టె ప్రక్కను వెలుపల బిగించుట ఉత్తమము. వానయు దుమ్మును తప్పనిచోట, అడ్డుపలకయు గాలిదారియు గల విశాలమైన పెట్టెలోపల బిగించుట మధ్యమము. 230 వోల్టులను గుమ్మముదాక తెచ్చుట అధమము.

విజ్ఞాన నమూనాలు చేయు బాలబాలికలకు తల్లిదండ్రులు ఒక్క సంగతి తప్పక చెప్పవలెను. ట్రాన్స్‌ఫార్మరు రెండువైపులను పనిచేయును. రెండవ చుట్టకు 12 వోల్టుల ప్రత్యావర్తిత విద్యుత్తు నిచ్చినచో, మొదటి చుట్ట కొనలయందు రెండువందల వోల్టులవరకు పుట్టును. చిన్నదని చేతితో ముట్టరాదు.

మన యిండ్లకు వచ్చు పనివారు స్థానిక భాషలో మాటలాడుదురు. మనము ఇంట తెలుగు మాటలాడుదుము. పేరు లేవైనను అడుగవలసిన ప్రశ్నలు నాలుగే: వేడి పోవుటకు దారి యున్నదా? రెండు విధముల తీగలు వేరుగా నున్నవా? ఎర్తు కలిపితివా? తీగలు తగిలినచో దీనిని కాపాడున దేమి? ఈ నాలుగింటికి సరియైన సమాధానము వచ్చినపిదపనే గంటను మ్రోగనిండు.