చుక్కలూ, గీతలూ, మనుషులూ

పెళ్ళి సంబంధం కుదరాలంటే ఊళ్ళో ఎవరి చెవిన వెయ్యాలో, గట్టు తగాదా తీరాలంటే ఎవరిచేత చెప్పించాలో మన పెద్దవాళ్ళకు ఏ పుస్తకమూ చూడకుండానే తెలుసు. ఫలానా ఆయనకు ఫలానా ఆయన బావమరిది, ఆ బావమరిదికి మునసబు గారి అల్లుడు చిన్ననాటి జతగాడు. ఈ లెక్కంతా వాళ్ళ నాలుక చివరే ఉంటుంది. అయితే ముప్పై ఇళ్ళకు నోటితో సాగే లెక్క మూడు వేల ఇళ్ళకు సాగదు. అక్కడ కాగితం, పెన్సిలు, ఆ పైన కొంచెం గణితం కావాలి. భయపడనక్కరలేదు. ముగ్గు వెయ్యడం వచ్చినవాళ్ళకు మొదటి పాఠం సగం వచ్చినట్టే!

మనిషికి ఒక చుక్క. ఇద్దరికి పొత్తు ఉంటే మధ్య ఒక గీత. గీత వంకరా, తిన్ననా అనే ప్రశ్న లేదు. ఉన్నదా, లేదా అన్నదే ప్రశ్న. ఇలా పొడవు వెడల్పులు వదిలేసి, ఏది దేనితో కలుస్తున్నదో మాత్రమే చూడడం 1736లో ఆయిలర్ అనే గణితవేత్త నేర్పాడు. కోనిగ్స్‌బర్గు పట్టణంలోని ఏడు వంతెనలనూ ఒక్కొక్కసారే దాటి రావడం అసాధ్యమని ఆయన ఈ దారినే తేల్చాడు.

మనుషుల విషయంలో ఇటువంటి పటం గీసి పేరు తెచ్చుకున్నవాడు మొరేనో అనే మానసిక వైద్యుడు. 1932లో న్యూయార్కు రాష్ట్రం హడ్సన్‌లోని ఆడపిల్లల శిక్షణాలయం నుంచి రెండే వారాల్లో 14 మంది పారిపోయారు. పిల్లలు చెడ్డవాళ్ళని సరిపెట్టుకోక, ఎవరికి ఎవరితో కలిసి ఉండాలని ఉన్నదో అడిగి ఆయన పటం గీశాడు. పారిపోవడానికి కారణం పిల్లల గుణాలలో కంటే ఆ పటంలో వాళ్ళున్న చోటులోనే ఎక్కువగా కనిపించింది.

ఇక అసలు పాఠం. ఈ విద్యలో చేరేవాళ్ళకు ఓనమాలుగా దిద్దించేది ఒక కరాటే సంఘం కథ. 1970 నుంచి 1972 దాకా అమెరికాలో ఒక యూనివర్సిటీ కరాటే సంఘాన్ని జకారీ అనే పరిశోధకుడు గమనించాడు. గురువుగారు పాఠాల రుసుము పెంచాలన్నారు, అధ్యక్షుడు కుదరదన్నాడు. మాట మాట పెరిగి సంఘం రెండుగా చీలింది. ఇది మనమెరుగని కథేమీ కాదు, మన నాటక సమాజాలు చీలే తీరూ ఇంతే! విశేషమల్లా జకారీ వేసిన లెక్కలో ఉంది.

సంఘం బయట కూడా కలుసుకునేవాళ్ళ మధ్యనే ఆయన గీతలు గీశాడు. 34 మందిలో 561 జంటలు కుదురుతాయి. గీతలున్నవి 78 జంటలకే. ఒక్కొక్క గీతనూ ఒక కాలవ అనుకోండి. ఆ ఇద్దరూ ఎన్ని సందర్భాల్లో కలుసుకుంటే కాలవ అంత వెడల్పు. గురువు దగ్గర నీళ్ళు వదిలితే అధ్యక్షుడిదాకా పారుతాయి. ఆ పారుదల పూర్తిగా ఆగాలంటే, అన్నిటికంటే తక్కువ తవ్వకంతో ఎక్కడ గండి కొట్టాలి? దీన్ని తేల్చే పద్ధతిని ఫోర్డ్, ఫుల్కర్సన్ అనే ఇద్దరు 1956లోనే ప్రకటించి ఉన్నారు. జకారీ ఆ ప్రకారం గండి కొట్టి చూశాడు. గండికి ఎటువైపు ఉన్నవాళ్ళు అటే వెళ్ళారు. 34 మందిలో ఒక్కడే తప్పాడు!

ఆ ఒక్కడు తొమ్మిదో నంబరువాడు. లెక్క ప్రకారం అధ్యక్షుడి పక్షం వెళ్ళవలసినవాడు గురువు వెంట పోయాడు. ఎందుకంటే, అతనికి నల్ల బెల్టు పరీక్ష మూడే వారాల్లో ఉంది. అధ్యక్షుడి పక్షంవారు వేరే కరాటే పద్ధతి పెట్టుకున్నారు. అక్కడ చేరితే మళ్ళీ తెల్ల బెల్టుతో మొదలు! లెక్క కుదిరిన 33 మందికంటే నాకీ తొమ్మిదోవాడే ఎక్కువ నచ్చాడు.

మనుషులు ఎక్కువైతే పటం చిక్కుపడ్డ దారపుండలా తయారవుతుంది. అప్పుడు పట్టిక వెయ్యాలి. అడ్డంగా అందరి పేర్లు, నిలువుగా అవే పేర్లు. పొత్తు ఉన్నచోట 1, లేనిచోట 0. రంగయ్య వరసనూ, సుబ్బయ్య వరసనూ పక్కపక్కన పెట్టండి. ఇద్దరికీ 1 పడిన గళ్ళు ఎన్నో, వాళ్ళకు ఉమ్మడి స్నేహితులు అంతమంది. పట్టికను పట్టికతోనే గుణించడమంటే అందరికీ ఒక్కసారిగా ఈ పని చెయ్యడమే. కాలేజీలో మాత్రికలు చదివి, ఎందుకు చదివామో తెలియక మరిచిపోయినవారు ఇక్కడ వాటిని మళ్ళీ పలకరించవచ్చు.

ఉద్యోగం వెదికే కుర్రవాళ్ళు తెలుసుకోవలసిన మాట ఒకటుంది. బోస్టన్ దగ్గర కొత్త ఉద్యోగాల్లో చేరినవారిని గ్రానోవెటర్ అనే ఆయన విచారించి, 1973లో ఫలితాలు ప్రకటించాడు. తెలిసినవారి ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళలో, ఆ తెలిసినవారిని తరచు కలుసుకునేవాళ్ళు నూటికి 17 మందే. తక్కినవారికి కబురందించినది ఎప్పుడో ఒకప్పుడు కనబడే మనిషి. ప్రాణస్నేహితుడికి తెలిసిన కబురు సాధారణంగా మనకూ తెలిసే ఉంటుంది మరి.

ఏమి అడిగి గీత గీశామన్నది కూడా ముఖ్యమే. కర్ణాటక గ్రామాల్లో బెనర్జీ, డఫ్లో, మరి ఇద్దరు చేసిన పరిశోధనలో బియ్యం, కిరసనాయిలు ఎవరి దగ్గర బదులు తెచ్చుకుంటారు, గుడికి ఎవరితో వెళ్తారు, సలహా ఎవరినడుగుతారు అని విడివిడిగా అడిగారు. తరవాత 213 గ్రామాల్లో ఇంకో పరీక్ష పెట్టారు. డబ్బు, ఫోన్లు బహుమతులుగా ఇచ్చే లాటరీ కబురు ఊరికి కొందరి చెవినే వేశారు. విన్నవారు ఒక మిస్డ్ కాల్ ఇస్తే చాలు. కొన్ని ఊళ్ళలో చీటీ వేసినట్టు ఎవరో ఒకరికి, కొన్నిటిలో పెద్దమనుషులకు, మరికొన్నిటిలో “వీళ్ళకు చెబితే ఊరంతా పాకుతుంది” అని ఊరివాళ్ళే పేరు చెప్పినవారికి. ఎక్కువ కాల్సు వచ్చింది ఈ కబుర్ల పోగులున్న ఊళ్ళ నుంచే!

నేర్చుకోదలచినవారు తమ వీధిలో ఇరవై ఇళ్ళతో మొదలుపెట్టవచ్చు. కాకపోతే ఆ కాగితాన్ని అరుగు మీద వదలకండి. ఎవరి చుక్కకు ఒక్క గీతా లేదో అందరికీ తెలిసిపోతుంది, ఆ మనిషికి కూడా. అందుకే పేర్లకు బదులు అంకెలు వేసుకోవడం మంచిది. జకారీ కూడా గురువుకూ, అధ్యక్షుడికీ మారుపేర్లు పెట్టి, తక్కినవాళ్ళను అంకెలుగానే ఉంచాడు.