ధమని గోడపై సవాయి జాడలు

జనులు సవాయి అనీ, వైద్యులు సిఫిలిస్ అనీ పిలిచే వ్యాధి నేటిది కాదు. 16వ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు 'భావప్రకాశం'లో దీనిని ఫిరంగరోగమన్నాడు. పాశ్చాత్యుల వెంట వచ్చినదని ఆ పేరులోని భావం. లైంగిక సంపర్కం వల్ల సంక్రమించే ఇటువంటి రోగాలకు తెలుగులో సుఖవ్యాధులని పేరు. ఆ పేరు పెట్టినవారెవరో గాని, రోగి అనుభవించేది సుఖమూ కాదు, నలుగురితో చెప్పుకోగలిగిన దుఃఖమూ కాదు.

చెప్పుకోలేకపోవడంలోనే ప్రమాదమున్నది. తొలి దశలో ఏర్పడే పుండు సాధారణంగా నొప్పి లేనిది; చికిత్స లేకున్నా కొద్ది వారాల్లో మానిపోతుంది. రోగం పోయిందని రోగి భ్రమిస్తాడు. 1905లో షౌడిన్, హాఫ్‌మన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు కనుగొన్న ట్రెపోనిమా పాలిడమ్ అనే మెలితిరిగిన సూక్ష్మజీవి మాత్రం దేహంలోనే నిలిచి ఉంటుంది. చికిత్స పొందనివారిలో కొందరికి 10 నుండి 30 సంవత్సరాల తరువాత అది గుండెకు చేటు తెస్తుంది.

గుండె నుండి శరీరమంతటికీ రక్తాన్ని కొనిపోయే రాజమార్గం బృహద్ధమని. దాని గోడ మందమైనది కనుక, ఆ గోడను పోషించడానికి అందులోనే సన్నని రక్తనాళాలుంటాయి. ఈ వ్యాధి వాటిని క్రమంగా మూసివేస్తుంది. పోషణ కరవైన గోడ బిగువు కోల్పోయి, రక్తపు ఒత్తిడికి బుడగవలె ఉబ్బుతుంది. లోపలి పొర ముడతలు పడి చెట్టు బెరడును తలపిస్తుంది. ధమని మొదలు వెడల్పు కావడంతో కవాటపు రెక్కలు ఒకదానినొకటి తాకలేవు. గుండె పంపిన రక్తంలో కొంత తిరిగి గుండెలోకే వస్తుంది. గుండె కండరానికి రక్తమిచ్చే హృద్ధమనుల ముఖద్వారాలు సైతం ఇరుకు కావచ్చు.

ఇంత జరుగుతున్నా రోగికి చాలాకాలం తెలియకపోవచ్చు. ఛాతీ ఎక్స్‌-రేలో, గుండె నుండి పైకి లేచే ధమని భాగపు అంచున సున్నపు పేరుకు సన్నని తెల్లగీతగా కనిపిస్తే పూర్వపు వైద్యులు సవాయిని అనుమానించేవారు. తొలినాళ్ళలో ఆ గీత కూడా ఉండదు. ఎకో పరీక్ష అతిధ్వనుల సాయంతో కవాటం ఎంత కారుతున్నదో చూపుతుంది. సి.టి. స్కాన్ ధమని ఉబ్బును మిల్లీమీటర్లలో కొలుస్తుంది. పెట్ స్కాన్‌లోనైతే, వాపు చురుకుగా ఉన్న గోడ గ్లూకోజువంటి పదార్థాన్ని అధికంగా గ్రహించి వెలుగుతుంది.

అయితే చిత్రం గాయాన్ని చూపుతుంది గాని కారణాన్ని చెప్పదు. వయస్సు మీరినా, రక్తపోటు హెచ్చినా ధమని ఉబ్బవచ్చు. కారణం తేల్చడానికి రక్తపరీక్ష కావాలి. రోగి సంకోచం విడిచి గతాన్ని తెలిపినప్పుడు వైద్యునికి ఆ పరీక్ష తోచడం సులభమవుతుంది. 1943లో జాన్ మహోనీ సిఫిలిస్ రోగులకు పెన్సిలిన్ ఇచ్చి దాని గుణాన్ని నిరూపించాడు. ఆ మందు సూక్ష్మజీవిని చంపుతుంది. సాగిపోయిన గోడను మరల బిగించలేదు. ఉబ్బు మితిమీరితే ఆ భాగాన్ని తొలగించి, కృత్రిమ నాళాన్ని అమర్చవలసి ఉంటుంది.